ఈ గూట్లో ఎవరెవరున్నారు?

1986 ఆగస్టు. కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్కిలీ ప్రయోగశాలలో కంప్యూటర్ వాడుకున్న శాస్త్రవేత్తల దగ్గర, వాడుకున్న సమయాన్ని బట్టి డబ్బు వసూలు చేసేవారు. ఆ నెల ఖాతాలు సరిచూస్తే 75 సెంట్లు తేడా వచ్చింది. ఎవరో కొద్ది సెకన్లపాటు యంత్రాన్ని వాడుకున్నారు, ఆ ఖర్చు ఎవరి పేరున రాయాలో తెలియలేదు. ఖగోళశాస్త్రంలో గ్రాంటు డబ్బులైపోయి కొత్తగా కంప్యూటర్ విభాగానికి వచ్చిన క్లిఫర్డ్ స్టోల్‌కి ఆ సంగతి తేల్చమని అప్పగించారు.

తీగ లాగితే డొంకంతా కదిలింది. బయటివాడెవడో ఫోన్ లైన్ల మీదుగా లోపలికి వచ్చి పోతున్నాడు. వాడి జాడ తెలియాలంటే వాడేం చేస్తున్నాడో చూడాలి. అయితే నిఘా ప్రోగ్రాం ఒకటి రాసి అదే కంప్యూటర్‌లో నడిపితే వాడికి తెలిసిపోతుంది. ఎందుకంటే లోపలికి రాగానే వాడు చేసే మొదటి పని, ఇప్పుడు ఎవరెవరు లాగిన్ అయి ఉన్నారు, ఏయే ప్రోగ్రాంలు నడుస్తున్నాయి అని చూసుకోవడమే. అందుకని స్టోల్ ఒక వారాంతంలో సహోద్యోగుల బల్లల మీది ప్రింటర్లూ టెర్మినళ్లూ పట్టుకొచ్చి, బయటినుంచి వచ్చే ఒక్కో లైనుకూ ఒక్కోటి తగిలించాడు. కంప్యూటర్ లోపల కొత్తగా ఏదీ నడవలేదు. దొంగ కొట్టిన ప్రతి అక్షరమూ మాత్రం కాగితం మీద పడింది.

ఆ కాగితాల్లోనే మొదటి ఆనవాలు దొరికింది. యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో నడుస్తున్న ప్రోగ్రాంల జాబితా చూపించే ఆదేశం పేరు పీఎస్. దొంగ దాని వెనకాల ఎఫ్ అనే అక్షరం కూడా కొడుతున్నాడు. బర్కిలీలో తయారైన యూనిక్స్‌లో ఆ అక్షరంతో పనిలేదు. ఏటీ అండ్ టీ వారి యూనిక్స్ చేతికి అలవాటైనవాళ్లే దాన్ని కొడతారు. అంటే వీడు ఈ చుట్టుపక్కలవాడు కాదు. నిజంగానే కాదు. పశ్చిమ జర్మనీలోని హానోవర్‌లో కూర్చున్న మార్కుస్ హెస్ అని తర్వాత తేలింది. వాడు దోచిన సమాచారం సోవియట్ గూఢచారి సంస్థ కేజీబీకి అమ్ముడుపోయేది.

యంత్రం మీద పెత్తనం వాడికెలా చిక్కిందో చూడండి. ఆ కంప్యూటర్‌లో ఎట్‌రన్ అనే చిన్న ప్రోగ్రాం ఉండేది. ప్రతి ఐదు నిమిషాలకూ వ్యవస్థే దాన్ని సర్వాధికారాలతో నడుపుతుంది. దొంగ ఒక లొసుగు పట్టుకుని అసలు ఎట్‌రన్‌ని తీసేసి, అదే పేరుతో తన ప్రోగ్రాంని అక్కడ పెట్టాడు. ఐదు నిమిషాలు తిరక్కుండానే వ్యవస్థ దాన్ని తనంతట తనే నడిపి, పగ్గాలు వాడి చేతికిచ్చింది. పని కాగానే అసలుదాన్ని మళ్లీ యథాస్థానంలో పెట్టేశాడు. కోకిల గుడ్డుని కాకి తనదే అనుకుని పొదిగినట్టు! స్టోల్ 1989లో ఈ వేట గురించి రాసిన పుస్తకానికి కుకూస్ ఎగ్ అని పేరు పెట్టింది అందుకే.

ఆనాటి ఆ కంప్యూటర్లను కనిపెట్టుకుని ఉండటానికి ఒక విభాగమే ఉండేది. ఇవాళ మన ల్యాప్‌టాప్‌ని కనిపెట్టుకుని ఉండాల్సింది మనమే. అందులో బ్యాంకు పాస్‌వర్డులున్నాయి, ఇంటి దస్తావేజుల స్కాన్లున్నాయి, ఆధార్ కాపీలున్నాయి, పిల్లల ఫొటోలున్నాయి. ‘ఇప్పుడు ఇందులో ఏం నడుస్తోంది?’ అన్నది సర్వీసు సెంటర్ వాళ్లు అడిగే ప్రశ్న అనుకుని వదిలేస్తున్నాం. డబ్బు పెట్టి కొన్నవాళ్లు అడగాల్సిన ప్రశ్న అది. అడగడం చాలా తేలిక. జవాబు చదవడం కాస్త నేర్చుకోవాలి. ఆ జవాబిచ్చేది కూడా ఆ యంత్రమే కాబట్టి, దాన్ని ఎంతవరకు నమ్మొచ్చో కూడా తెలిసి ఉండాలి.

మూడు మీటలు

సిస్టమ్ స్లో అయిందంటే మన ఊళ్లలో మొదట వినిపించే సలహా, ‘ఫార్మాట్ కొట్టించెయ్యండి’. ఫార్మాట్‌తో తప్పు చేసిన ప్రోగ్రాం పోతుంది నిజమే, అదేమిటో తెలుసుకునే దారి కూడా దాంతోపాటే పోతుంది. అదే పెన్‌డ్రైవ్‌లోంచి అవే సాఫ్ట్‌వేర్లు మళ్లీ ఎక్కిస్తే కథ మొదటికొస్తుంది. ఫార్మాట్ దాకా వెళ్లేముందు చూడాల్సిన చోటు ఒకటుంది.

విండోస్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. మైక్రోసాఫ్ట్‌లో ఇంజినీరుగా పనిచేసిన డేవ్ ప్లమర్ దీన్ని మొదట ఇంట్లో తన కోసమే రాసుకున్నాడు. 1996లో విండోస్ ఎన్‌టీ 4.0తో అది అందరికీ అందింది. మిగతావన్నీ బిగుసుకుపోయినా ఇదొక్కటి తెరుచుకోవాలన్న పట్టుదలతో రాసిన ప్రోగ్రాం ఇది. దీని మొదటి కాపీ హ్యాంగ్ అయిందని తెలిస్తే, ఇంకో కాపీ వచ్చి నిలబడేలా చేశాడు.

తెరవగానే జనాన్ని కంగారుపెట్టేది సంఖ్య. మీరు తెరిచింది బ్రౌజరూ వర్డూ మాత్రమే, జాబితా చూస్తే వంద దాటిపోతుంది. ఇందులో గాభరా పడాల్సింది ఏమీ లేదు. డిస్కు మీద ఊరికే పడి ఉంటే అది ప్రోగ్రాం, మెమరీలోకి వచ్చి పనిలో దిగితే ప్రాసెస్. ఒకే ప్రోగ్రాం పది ప్రాసెస్‌లుగా నడవచ్చు. క్రోమ్ 2008లో వచ్చినప్పటినుంచీ అలాగే నడుస్తోంది. ఒక ట్యాబ్ కుప్పకూలినా మిగతావి నిలబడాలనే అలా విడగొట్టారు. విండోస్ కూడా ఆడియో, నెట్‌వర్క్, అప్‌డేట్ లాంటి సేవలను సర్వీస్ హోస్ట్ అనే ప్రాసెస్‌లలో ఉంచి నడుపుతుంది. ఒకప్పుడు ఒక్కో హోస్ట్‌లో చాలా సేవలు సర్దుకునేవి. 2017లో విండోస్ 10కి వచ్చిన ఒక అప్‌డేట్ తర్వాత, 3.5 జీబీకి మించి మెమరీ ఉన్న యంత్రాల్లో చాలా సేవలకు విడివిడిగా హోస్ట్‌లు ఇచ్చేశారు. ఒకే పేరు అన్నిసార్లు కనిపించడానికి కారణం అది, వైరస్ కాదు.

డీటెయిల్స్ అనే భాగంలో సిస్టమ్ ఐడిల్ ప్రాసెస్ అని ఒకటి 90 శాతానికి పైగా సీపీయూ వాడుతున్నట్టు కనిపిస్తుంది. దాన్ని ఎలా తీసెయ్యాలని అడిగేవాళ్లు చాలామంది ఉన్నారు. అది ప్రాసెసర్ ఖాళీగా ఉన్న సమయం, అంతే. ఎంత ఎక్కువుంటే అంత మంచిది. యాంటీమాల్‌వేర్ సర్వీస్ ఎగ్జిక్యూటబుల్ అని కనిపించేది విండోస్‌తో వచ్చే డిఫెండర్. స్కాన్ చేసేటప్పుడు బరువుగా నడిచినా, కాసేపటికి దిగుతుంది.

సీపీయూ, మెమరీ, డిస్క్, నెట్‌వర్క్ అని గడులుంటాయి. గడి పేరు మీద నొక్కితే ఎక్కువ వాడేది పైకొస్తుంది. అందరూ సీపీయూ గడి చూస్తారు. నేను చూడమనేది నెట్‌వర్క్ గడి. మీరేమీ చేయకుండా కూర్చున్నప్పుడు మీ కంప్యూటర్ ఎవరికి ఏం పంపుతోంది? ఫొటోలు క్లౌడ్‌కి ఎక్కుతుండవచ్చు, అప్‌డేట్ దిగుతుండవచ్చు. ఆ రెండూ కాదని తేలితే అప్పుడు పట్టించుకోవాలి. స్టార్టప్ యాప్స్ అనే భాగంలో, కంప్యూటర్ ఆన్ చేయగానే మీరు పిలవకుండా లేచేవన్నీ వరుసగా ఉంటాయి. వీటిలో అక్కర్లేనివాటిని డిసేబుల్ చేస్తే ప్రోగ్రాం పోదు, అవసరమైనప్పుడు మీరు తెరిస్తేనే లేస్తుంది. పాత ల్యాప్‌టాప్‌కి కొత్త ర్యామ్ కొనేముందు చేయాల్సిన పని ఇది.

పేరు ఒకటి, ఊరు ఇంకొకటి

సర్వీస్ హోస్ట్ ఫైలు పేరు ఎస్‌వీసీహోస్ట్. దొంగ ప్రోగ్రాంలు రాసేవాళ్లు మధ్యలో రెండక్షరాలు అటూ ఇటూ మార్చి ఎస్‌సీవీహోస్ట్ అని పెడతారు. ఇంగ్లిష్‌లో గబగబా చదివితే తేడా కంటికి ఆనదు. కాబట్టి పేరు దగ్గర ఆగకూడదు, ఆ ఫైలు ఎక్కడుంటోందో చూడాలి. అనుమానం వచ్చినదాని మీద కుడి క్లిక్ చేసి ఓపెన్ ఫైల్ లొకేషన్ నొక్కండి. అసలు ఎస్‌వీసీహోస్ట్ విండోస్ ఫోల్డర్‌లోని సిస్టమ్32లో ఉంటుంది. అదే పేరుది టెంప్ ఫోల్డర్‌లోనో డౌన్‌లోడ్స్‌లోనో దొరికిందంటే అది అసలుది కాదు. అక్కడే ప్రాపర్టీస్‌లోకి వెళ్తే చాలా ఫైళ్లకు డిజిటల్ సిగ్నేచర్స్ కనిపిస్తాయి, ఎవరు తయారుచేశారో అందులో ఉంటుంది. సంతకం లేనివన్నీ దొంగవి కావు. చిన్న చిన్న ప్రోగ్రామర్లు రాసిన మంచి సాఫ్ట్‌వేర్లకు కూడా సంతకం ఉండకపోవచ్చు. కానీ మైక్రోసాఫ్ట్ పేరు చెప్పుకుంటూ ఇంకొకరి సంతకంతో ఉన్నదాన్ని మాత్రం నమ్మకూడదు.

2017 మే 12న ప్రపంచాన్ని చుట్టేసిన వానాక్రై గుర్తుందా? బ్రిటన్ ప్రభుత్వ ఆసుపత్రుల్ని అతలాకుతలం చేసిన, ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే ఆ రాన్సమ్‌వేర్ బారిన ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కంప్యూటర్లు కూడా పడ్డాయి. అది సర్వీసుల జాబితాలో తనను తాను ‘మైక్రోసాఫ్ట్ సెక్యూరిటీ సెంటర్ (2.0) సర్వీస్’ అని రాసుకుంది. ఫైళ్లకు తాళం వేసే భాగానికి టాస్క్ షెడ్యూలర్‌ని గుర్తుచేసే పేరు పెట్టుకుంది. కాపలావాడి పేరే పెట్టుకుని వచ్చిందన్నమాట. అది వాడుకున్న లొసుగుని పూడ్చే అప్‌డేట్ మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే ఇచ్చింది.

ఇంకాస్త లోతుకి వెళ్లాలనుకునేవారికి ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్ ఉంది. మార్క్ రుసినోవిచ్, బ్రైస్ కాగ్స్‌వెల్ 1996లో మొదలుపెట్టిన సిస్‌ఇంటర్నల్స్ ఉపకరణాల్లో ఇదొకటి. 2006లో వాళ్ల సంస్థని మైక్రోసాఫ్ట్ కొనుక్కుంది. ఇప్పటికీ ఉచితంగానే ఇస్తోంది. ఏ ప్రాసెస్‌ని ఏది పుట్టించిందో ఇది వంశవృక్షంలా చూపిస్తుంది. వర్డ్ ఫైలు తెరిచారు, దాని కింద, కంప్యూటర్‌కి ఆదేశాలిచ్చే పవర్‌షెల్ పుట్టుకొచ్చింది. మామూలు ఉత్తరానికి పవర్‌షెల్‌తో పనేమిటి? పేరూ చోటూ రెండూ సరిగ్గానే ఉన్నా, దాన్ని పుట్టించిందెవరో చూస్తే దొంగతనం బయటపడుతుంది.

జాబితాయే అబద్ధం చెబితే

2005 అక్టోబరు 31న ఇదే రుసినోవిచ్ బయటపెట్టిన విషయం సంగీత పరిశ్రమని కుదిపేసింది. తన కంప్యూటర్‌లో దాక్కున్న ప్రోగ్రాంలు ఉన్నాయని ఆయనకు తెలిసింది. టాస్క్ మేనేజర్‌లో కనపడవు, ఫోల్డర్లలో కనపడవు. వెతుక్కుంటూ పోతే అవి ఆయన డబ్బిచ్చి కొనుక్కున్న పాటల సీడీ నుంచి వచ్చాయని తేలింది. సోనీ బీఎంజీ సంస్థ, సీడీలు కాపీ కాకుండా చూడటానికి వాటితోపాటు ఎక్స్‌సీపీ అనే సాఫ్ట్‌వేర్ పంపింది. సీడీ వినాలని కంప్యూటర్‌లో పెట్టినవాళ్ల విండోస్ లోలోపలికి చొరబడి, డాలర్ సిస్ డాలర్ అనే గుర్తుతో మొదలయ్యే పేరున్న ఏ ఫైలునైనా, ఏ ప్రాసెస్‌నైనా అది కనపడకుండా చేసేది.

టాస్క్ మేనేజర్ తన కళ్లతో ఏదీ చూడదు. ఏమేం నడుస్తున్నాయో చెప్పమని ఆపరేటింగ్ సిస్టమ్‌ని అడుగుతుంది, అది ఇచ్చిన జాబితాని మనకు చూపిస్తుంది. సోనీ సాఫ్ట్‌వేర్ ఆ జవాబు వచ్చే దారిలో కూర్చుని, తన వాళ్ల పేర్లు కొట్టేసి మిగతాది పంపేది. అంతే కాదు, తాను కనపడకుండా ఉంటూనే, కంప్యూటర్‌లో ఏయే ప్రోగ్రాంలు నడుస్తున్నాయో రెండు సెకన్లకోసారి అది తనిఖీ చేసేది. యంత్రం కొన్నవారికి లేని చూపుని పాటలమ్మిన కంపెనీ సంపాదించింది. దీన్ని నేను చిన్న తప్పిదంగా చూడలేను. మన యంత్రం మనకే అబద్ధం చెప్పేలా చేయడం అది. పది రోజులు తిరిగేసరికి ఆ చాటునే దాక్కునే వైరస్‌లు బయల్దేరాయి. నవంబరులో కంపెనీ ఆ సీడీల్ని వెనక్కి తెప్పించుకుంది. కోర్టు కేసులు పడ్డాయి, రాజీలు చేసుకోవాల్సి వచ్చింది.

మోసపోయిన విండోస్‌ని విండోస్ లోపలినుంచే అడిగితే ప్రయోజనం లేదు. బర్కిలీలో స్టోల్ లైన్లకు ప్రింటర్లు తగిలించినట్టు, పరీక్ష బయటినుంచి జరగాలి. డిఫెండర్‌లో ఆఫ్‌లైన్ స్కాన్ అనే సదుపాయం ఉన్నది ఇందుకే. కంప్యూటర్ రీస్టార్ట్ అయి, విండోస్ పూర్తిగా లేవకముందే డిస్కుని వెతుకుతుంది. దాక్కోవడానికి సాయం చేసే ప్రోగ్రాం అప్పటికింకా నిద్రలేచి ఉండదు.

ట్యాబ్ చాటున

2017 సెప్టెంబరులో కాయిన్‌హైవ్ అనే సేవ మొదలైంది. ఎవరైనా తమ వెబ్‌సైట్‌లో నాలుగు వరుసల కోడ్ పెడితే చాలు, ఆ సైటు చూసేవాళ్ల కంప్యూటర్లు మొనేరో అనే క్రిప్టో నాణేన్ని లెక్కగట్టే చాకిరీలో పడేవి. లాభం కోడ్ పెట్టినవారిది, కరెంటు బిల్లు చూసేవారిది. హ్యాకర్లు దీన్ని ఇతరుల సైట్లలోకి దొంగచాటుగా ఎక్కించడం మొదలుపెట్టారు. 2018లో ఇలాంటి కోడ్ ఆంధ్రప్రదేశ్ పురపాలక శాఖకు చెందిన సైట్లలో, తిరుపతి, మాచర్ల పురపాలక సంస్థల పేజీలతో సహా, ఉన్నట్టు భద్రతా పరిశోధకులు గుర్తించారు. ఇంటి పన్ను వివరాలు చూసుకుందామని వచ్చినవారి ల్యాప్‌టాప్ ఫ్యాను గిర్రున తిరిగితే, కంప్యూటర్ పాతదైపోయిందనే అనుకుని ఉంటారు. టాస్క్ మేనేజర్‌లో కనపడేది క్రోమ్ అనే మంచి పేరే కదా! క్రోమ్‌కి సొంతంగా ఒక టాస్క్ మేనేజర్ ఉంది. షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే ఏ ట్యాబ్ ఎంత తింటోందో విడివిడిగా చెబుతుంది. కాయిన్‌హైవ్ 2019 మార్చిలో మూతపడింది, ఆ పద్ధతి మాత్రం పోలేదు.

మన తెలుగువాళ్లకు ప్రత్యేకంగా వర్తించే సంగతి ఇంకొకటుంది. డీటీపీ సెంటర్లలో, పత్రికాఫీసుల్లో అను స్క్రిప్ట్ మేనేజర్ లాంటివి ఎప్పుడూ నడుస్తూనే ఉండాలి, లేకపోతే తెలుగు పడదు. మనం కొట్టే ప్రతి మీటనూ అందుకుని తెలుగు అక్షరంగా మార్చడమే వాటి పని. పాస్‌వర్డులు దొంగిలించే కీలాగర్ కూడా ప్రతి మీటనూ అందుకుంటుంది. పనితీరు ఒకటే, ఉద్దేశమే వేరు. కాబట్టి కీబోర్డు సాఫ్ట్‌వేర్‌ని తయారుచేసినవారి దగ్గరే తీసుకోవాలి. చేతులు మారి మారి వచ్చిన పెన్‌డ్రైవ్ కాపీలో కీబోర్డుతోపాటు ఇంకేం ఉందో ఎవరు చెప్పగలరు? యూనికోడ్ తెలుగు కొట్టడానికైతే విండోస్‌లోనే ఇన్‌స్క్రిప్ట్ ఉంది.

మ్యాక్‌లో నడుస్తున్న ప్రోగ్రాంల జాబితాని యాక్టివిటీ మానిటర్ చూపిస్తుంది. లైనక్స్ వాడేవారికి పీఎస్, టాప్ ఉన్నాయి.

ఫోన్‌లో సగం తలుపే

మన రాష్ట్రాల్లో ఎక్కువమందికి కంప్యూటరంటే ఫోనే. అక్కడ ‘ఇప్పుడు ఇందులో ఏం నడుస్తోంది?’ అని అడగడం కష్టం. ఒక యాప్ ఇంకో యాప్‌ని తొంగిచూడకుండా గోడలు కట్టారు. అది మంచిదే. కానీ అదే గోడ ఫోన్ కొన్నవారికి కూడా అడ్డం వస్తోంది. ఐఫోన్‌లో నడుస్తున్న ప్రాసెస్‌ల పూర్తి జాబితా మామూలు వినియోగదారుకు చూసే వీలే లేదు. ఆండ్రాయిడ్ 13 నుంచి నోటిఫికేషన్ల కింద యాక్టివ్ యాప్స్ అని చిన్న గుర్తు వచ్చింది, వెనకాల నడిచేవి కొన్ని అందులో కనిపిస్తాయి, అక్కడే ఆపేయొచ్చు. మైకు గానీ కెమెరా గానీ పనిచేస్తుంటే తెర పైభాగంలో చుక్క వెలుగుతుంది. ఐఫోన్లలో 2020 నుంచి, ఆండ్రాయిడ్‌లో 2021 నుంచి ఉంది. మీరు ఫోన్ మాట్లాడకుండా, వీడియో తీయకుండా ఉన్నప్పుడు ఆ చుక్క వెలిగితే ఏ యాప్ అన్నది వెంటనే చూడండి.

పెళ్లి శుభలేఖ అనీ, పీఎం కిసాన్ అనీ, ట్రాఫిక్ చలానా అనీ వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్లు నొక్కి డబ్బు పోగొట్టుకున్నవాళ్లు మన చుట్టుపక్కలే ఉన్నారు. బ్యాంకు నుంచి మాట్లాడుతున్నామంటూ ఎనీడెస్క్ లాంటి రిమోట్ యాప్ వేయించి ఖాతా ఊడ్చేసే మోసం గురించి రిజర్వు బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే హెచ్చరించింది. ఎనీడెస్క్ నిజాయతీగల ప్రోగ్రామే. అవతల కూర్చున్నదెవరన్నదే సమస్య. ఫోన్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీలోకి వెళ్లి, ఏ యాప్‌లకు ఆ అనుమతి ఉందో చూడండి. తెర మీద ఉన్నది చదవగలిగేదీ, మీ బదులు మీటలు నొక్కగలిగేదీ ఆ అనుమతితోనే. డబ్బు పోయిందని తెలిసిన క్షణాన సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. మొదటి గంటల్లో చేస్తే ఆ సొమ్ము ఇంకో ఖాతాకి దాటకుండా ఆపే అవకాశం ఎక్కువ.

ఫోన్లలోకి చొరబడే పెగాసస్ అనే గూఢచారి సాఫ్ట్‌వేర్‌ని 2021లో మానవ హక్కుల సంస్థ ఆమ్నెస్టీ పరిశోధకులు ఎలా పట్టుకున్నారో తెలిస్తే ఈ మూసిన తలుపు సంగతి ఇంకా బాగా అర్థమవుతుంది. ఏ ప్రాసెస్ ఎంత డేటా వాడిందో ఐఫోన్ లోపల ఒక లెక్క రాసుకుంటుంది. ఆపిల్ సొంత ప్రాసెస్‌ల పేర్లను పోలిన దొంగ పేర్లు ఆ లెక్కల్లో దొరికాయి. బర్కిలీలోనూ ఇక్కడా పట్టిచ్చింది ఖాతా పుస్తకమే. ఆ పుస్తకం మామూలు వినియోగదారు చేతికి అందేలా ఉండాలని ఫోన్ కంపెనీలను గట్టిగా అడగాలి.

అర సెకను

2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు తన లైనక్స్ యంత్రంలో పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ వేగం కొలుస్తున్నాడు. కొలత కచ్చితంగా రావాలంటే యంత్రంలో మిగతావన్నీ సద్దుమణగాలి. దూరం నుంచి లాగిన్ అయ్యేందుకు వాడే ఎస్‌ఎస్‌హెచ్ ప్రాసెస్ మాత్రం ఉండాల్సినదానికంటే ఎక్కువ సీపీయూ తింటోంది. తప్పుడు పేరుతో వచ్చి వెనుదిరిగే లాగిన్లకు కూడా అంతే. లాగిన్‌కి పట్టే సమయం దాదాపు అర సెకను పెరిగింది. చాలామంది పట్టించుకోని తేడా. ఆయన తవ్వుకుంటూ వెళ్లాడు. ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ లైబ్రరీలో, రెండేళ్లకు పైగా నమ్మకం సంపాదించుకుంటూ వచ్చిన ఒక మారుపేరు వ్యక్తి దొంగతలుపు పెట్టాడని తేలింది. మార్చి 29న ఆయన ఆ సంగతి లోకానికి చెప్పేటప్పటికి అది ప్రధాన లైనక్స్ పంపిణీల స్థిరమైన విడుదలల్లోకి ఇంకా చేరలేదు. చేరి ఉంటే ఎన్నో సర్వర్లకు తాళం చెవి ఒకరి చేతికి చిక్కేది.

ఫ్రాయిండ్‌కి ఆ అర సెకను తెలిసిందంటే, యంత్రం మామూలుగా ఉన్నప్పుడు ఎంత సమయం పడుతుందో ఆయనకు ముందే తెలుసు కాబట్టి. మనం టాస్క్ మేనేజర్ తెరిచేది యంత్రం మొరాయించిన రోజున. అప్పుడు కనపడే ప్రతి పేరూ అనుమానంగానే ఉంటుంది. అంతా సవ్యంగా ఉన్న రోజున తెరిచి, జాబితా ఒకసారి కిందిదాకా చదివి, ఫొటో తీసి తేదీ వేసి పెట్టుకోవాలి. కమాండ్ ప్రాంప్ట్‌లో టాస్క్‌లిస్ట్ అని కొడితే అదే జాబితా అక్షరాల్లో వస్తుంది, కాపీ చేసుకుని దాచుకోవచ్చు. సిస్‌ఇంటర్నల్స్‌లోనే ఉన్న ఆటోరన్స్ అయితే, కంప్యూటర్ ఆన్ అయినప్పుడూ మీరు లాగిన్ అయినప్పుడూ తమంతట తామే లేచేవాటిని మూలమూలలా వెతికి చూపిస్తుంది. ఆ జాబితాని ఇవాళ సేవ్ చేసి ఉంచండి. కొత్త సాఫ్ట్‌వేర్ ఏదైనా వేశాక, లేదా ఎవరైనా మీ ల్యాప్‌టాప్ తీసుకెళ్లి బాగుచేసి తెచ్చాక, ఆటోరన్స్ తెరిచి కంపేర్ నొక్కండి. పాత జాబితాలో లేనివాటిని అది ఆకుపచ్చ రంగు వేసి చూపిస్తుంది.